పెద్దమనిషి లేని డబ్బాలు

కల్లంలో ఆరబోసిన మిరపకాయలకు వానను మించిన గండం లేదు. మబ్బు పట్టిందంటే గంజి వార్చేంత సేపట్లో పట్టలు కప్పెయ్యాలి. అందుకే ఇంజనీరింగ్ చదువుతున్న తేజశ్రీ ఊరి కల్లాలన్నిటా కర్రలు పాతి, వాన జాడ పసిగట్టే చిన్న డబ్బాలు కట్టింది.

"వీటికి పెద్ద ఎవరే?" అంది మేనత్త సుబ్బరావమ్మ.

"ఎవరూ లేరత్తా. ఒకటి వానంటే పక్కవాటిని అడుగుద్ది. అవీ అవునంటే సైరన్ మోగుద్ది."

"పెద్దమనిషి లేని పంచాయితీ తెల్లారినా తేలదు. నా పంటంతా నేలమీదుంది. చినుకు పడ్డాక మోగితే ఏం లాభం?"

ఆ మధ్యాహ్నమే పడమట నల్లగా కమ్ముకొచ్చింది. తేజశ్రీ ఫోన్ చూసి ఉలిక్కిపడింది. అత్త కల్లంలో ఒక్క డబ్బా పలకడం లేదు! పరుగున వెళ్తే ఏముంది, అన్నిటికీ పాలిథిన్ కవర్లు తొడిగి, పురికొసతో బిగించి ఉన్నాయి.

"ఇదేంటత్తా!"

"తడిస్తే పాడవ్వవూ? ఖరీదైనవి కదాని నేనే కట్టా."

"వాన సంగతి చెప్పాల్సినవే అవి!"

ఏడవాలో నవ్వాలో తెలియక తేజశ్రీ ముడి పట్టుకు పీకుతుండగానే సైరన్ కూసింది. పక్క రైతు హుస్సేన్ సాహెబ్ కల్లంలోని డబ్బాలు, పలకని అత్త డబ్బాల కోసం కాసేపు చూసి, ఇక లాభం లేదని వదిలేసి, అత్త కల్లం మీదుగా దూకి అవతలి పక్క రైతు కోటేశ్వరి కల్లంలోవాటినే అడిగేశాయి!

ఇక చూడాలి తమాషా. సాహెబ్ వచ్చి సుబ్బరావమ్మ కాయల మీద పట్ట లాగాడు. సుబ్బరావమ్మ పోయి కోటేశ్వరి కాయలు కప్పింది.

"పిన్నీ, అది సాహెబ్ గారి పట్ట!" అని కోటేశ్వరి అరిచింది.

"వానకేం తెలుసే ఎవరి పట్టో! ఆ కొస తొక్కిపట్టు!"

చివరి కొస మీద రాయి పెట్టారో లేదో, టపటపమంటూ మొదలైంది. సుబ్బరావమ్మ ఒక డబ్బాకున్న కవరు ఊడబీకి తన నెత్తికి తగిలించుకుంది. పట్ట కిందికి చెయ్యి దూర్చి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించింది. గలగలమన్నాయి.

"పొడిగానే ఉన్నాయే పిల్లా!" అంటూ మేనకోడలి చెవి దగ్గరా ఆడించింది. ఇద్దరికీ ఘాటు నషాళానికంటి, వానలో నిలబడి తుమ్ముతూ, నవ్వుతూ, మళ్ళీ తుమ్ముతూ ఉండిపోయారు.