ఒకటే బల్ల

"నీ గిన్నెలు అయ్యాక ఇలా రా, ఒక మాట చెప్పాలి" అన్నాడు ఇంటాయన హాల్లోంచి.

ఆ గిన్నెలు ఎప్పుడు తన సొంతమయ్యాయో ఆమెకి గుర్తు లేదు. తిన్నది ముగ్గురు. మధ్యాహ్నం దాకా పళ్ళ ఆసుపత్రిలో ఊరివాళ్ళ నోళ్ళు శుభ్రం చేసి వచ్చిన మనిషి, ఇంటికొచ్చి కంచాలు కడగడంలో వింతేముంది, ఎలాగూ తడిసిన చేతులేగా అన్నట్టుంటుంది ఈ ఇంటి వాలకం. శనివారాలు ఆయనకి సెలవు. సెలవంటే కదలకూడదని ఆయన గట్టి నమ్మకం.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఆమె డాక్టరు పట్టా ఇక్కడ చెల్లదన్నారు. చదివిన చదువే మళ్ళీ చదివి, రాసిన పరీక్షలే మళ్ళీ రాసింది. ఉద్యోగం దొరికాక ఆసుపత్రి యజమాని ఏడ్చే పిల్లలందరినీ ఆమె గదికే తోలడం మొదలుపెట్టాడు. "మీ వైపు ఆడవాళ్ళకి ఓపిక ఎక్కువట కదా" అని మెచ్చుకోలు కూడా. పేరొచ్చే పెద్ద పనులు పక్క గదుల్లోని మగ డాక్టర్లకి, ఏడుపులు ఈమెకి. ఆ ఏడ్చేవాళ్ళలోనే ఒకసారి పైవీధి పిల్ల ఒకతె ముందుపన్ను విరిగి వచ్చింది. రాయి విసిరింది కిందివీధి పిల్ల. కొద్ది రోజులకి ఆ పిల్ల కూడా పెదవి చిట్లి వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. పైవీధి ముందునుంచీ ఉన్నవాళ్ళది, కిందివీధి తరవాత వచ్చి చేరినవాళ్ళది. మధ్యన ఉన్నది మామూలు రోడ్డే. వాళ్ళ తాతల నాటి పగ మాత్రం దాన్ని దాటనివ్వదు. ఆమె పన్ను అతికించింది. అతికించాక ఆ ఖాళీ కుర్చీ పక్కనే చాలాసేపు నిలబడిపోయింది. మళ్ళీ విరుగుతుందని ఆమెకి తెలుసు.

ఆదివారం బడి అలా మొదలైంది, సంస్థగా తరవాత మారింది. ప్రతి బల్లకీ ఒక పైవీధి పిల్ల, ఒక కిందివీధి పిల్ల, ఇద్దరికీ కలిపి ఒకటే పుస్తకం. చెప్పేది లెక్కలూ సైన్సే. పోట్లాడుకుంటే కొట్టడం లేదు, బలవంతాన చేతులు కలిపించడమూ లేదు. అవతలి పిల్ల గోడు ముందు చెప్పాలి, అవతలి పిల్ల "అవును, అదే" అన్నాకే తన గోడు. మొదట్లో పిల్లలు గగ్గోలు పెట్టారు. ఇప్పుడు "ముందు నాది చెప్పు" అని వాళ్ళే ఒకళ్ళనొకళ్ళు నిలదీసుకుంటున్నారు. అది విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంట్లో దాని పేరు "నీ కాలక్షేపం". అత్తగారైతే, "ఊరి పిల్లల తగువులు తీర్చే తీరికుంది గానీ, ఇంట్లో కర్టెన్లు ఉతికే తీరిక లేదు" అనేది, గోడకి చెప్పినట్టు. ఊరివాళ్ళు పాత గ్రంథాలయం భవనాన్ని బడికి ఇచ్చేసరికి ఇంటాయనకి ఉన్నట్టుండి శాంతి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "అధ్యక్షుడిగా నేనుంటాలే. సభల్లో నీ యాసకి నవ్వుతారు" అన్నాడు. ఆమె సరే అంది. బడి నడిస్తే చాలని తనకి తాను చెప్పుకుంది గానీ, అది పూర్తి నిజం కాదు. కాదంటే ఇంట్లో రోజుల తరబడి ఎవరూ మాట్లాడరు. తలుపులు కాస్త గట్టిగా మూసుకుంటాయి, కంచంలో అన్నం సగం వదిలేస్తారు. దాన్ని భరించడం కంటే సరే అనడం తేలిక. అలా ఎన్ని సరేలు అందో.

చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. అత్తగారు సోఫాలో కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"రేపు గ్రంథాలయం భవనంలో బడి ప్రారంభం కదా, రెండు వీధుల పెద్దలతోనూ మాట్లాడేశాను" అన్నాడాయన. "పొద్దున పైవీధి పిల్లలకి, మధ్యాహ్నం కిందివీధి పిల్లలకి. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. ఇక గొడవే ఉండదు."

చేతులు తుడుచుకుంటున్న గుడ్డని ఆమె పక్కన పడేసింది.

"నన్నడగలేదే?"

"ఇప్పుడు చెప్తున్నాగా."

సరే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటు కదా. మింగేసింది.

"ముందు మీ మాట నేను చెప్తాను, తప్పయితే ఆపండి. రేపు సభలో వాళ్ళు కొట్టుకుంటే మీ పరువు పోతుందని భయం. మాటిచ్చి వెనక్కి తీసుకుంటే, పెళ్ళాం చెప్పినట్టు ఆడతాడంటారని ఇంకా భయం. అంతేనా?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "అంతే అనుకో."

"ఇప్పుడు నాది చెప్పండి."

"నీదేముంది? రెండు పూటలంటే నీకు పని పెరుగుతుంది."

"అది కాదు."

"అధ్యక్షురాలని పేరు కావాలి."

"అదీ కాదు."

పరాయింట్లో లైటు స్విచ్చి కోసం తడుముకున్నట్టు తడుముకున్నాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆమెకి కోపం కంటే ముందు ఏడుపొచ్చింది.

"ఇన్నాళ్ళూ కష్టపడి పక్కపక్కన కూర్చోబెట్టిన పిల్లల్ని ఒక్క మాటతో విడదీశావు" అంది అత్తగారు, మడతపెట్టే చొక్కా మీంచి చూపు తిప్పకుండా. "ఎవరి పూట వాళ్ళొస్తే చదువొస్తుందేమో గానీ, అవతలి పిల్ల ఎవరో తెలీదు. మళ్ళీ రాళ్ళే. అయినా ఆ బడి దానిదిరా. ఎప్పట్లాగే ఊరుకుంటుందిలే అని అడక్కుండా పంచిపెట్టేశావు."

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

"నేను దాని పక్షమని కాదు. కర్టెన్లు ఇప్పటికీ ఉతకలేదు. నా కుట్టు మిషను నన్నడక్కుండా మీ పిన్నికి ఇచ్చేసిన రోజున మీ నాన్న కూడా ఇదే అన్నాడు, గొడవుండదని."

"అవునత్తయ్యా. అదే" అంది ఆమె.

బడిలో లెక్కలు చెప్పే మాస్టారికి ఫోన్ చేసింది. రేపు అధ్యక్షురాలిగా తనే మాట్లాడతానంది. రెండు పూటలు లేవు, ఎప్పట్లాగే అందరూ ఒకే పూట, ఇద్దరికి ఒకటే బల్ల అని ఈ దేశపు భాషలోనే చెప్పింది. యాస యాసలాగే ఉంది. మాస్టారు నవ్వలేదు. "సగం మంది పిల్లల్ని పంపకపోవచ్చమ్మా" అన్నాడు. "వచ్చినవాళ్ళతోనే మొదలుపెడదాం" అని ఫోన్ పెట్టేసింది.

ఆయన మొహం ఎర్రబడింది.

"మొత్తానికి ఇంట్లో గొడవ మొదలుపెట్టావన్నమాట."

ఆమె ఆయనకెదురుగా ఒక కుర్చీ లాక్కుంది.

"అవునండీ, మొదలుపెట్టాను" అంది. "కూర్చోండి."