ఏడో పేజీలో గీత

ఏడాది పొడుగునా వచ్చిన సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలన్నీ చదివి, మేలైనవి పన్నెండు ఏరి పుస్తకం వేయడమంటే మాటలా? మూడొందల కథలు చదవాలి. అందులో రెండొందల డెబ్బై కథలకు తల బాదుకోవాలి. ఆ పని ఒక అక్కా తమ్ముడూ పదిహేడేళ్ళుగా చేస్తూ వచ్చారు. తమ్ముడికి అరవై రెండు నిండాయి, నెత్తిన వెంట్రుక మిగల్లేదు. అయినా అక్కకు చిన్నోడే, కాబట్టి మనకూ చిన్నోడే.

వాళ్ళకో పద్ధతి ఉంది. ముందు అక్క చదువుతుంది. ఎక్కడ విసుగు పుడితే అక్కడ అంచున పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన కారణం రాసి ఆపేస్తుంది. ‘సోది.’ ‘ముందే తెలిసిపోయింది.’ ఒక కథ పక్కనైతే ‘మరమనిషికి ఇన్ని కన్నీళ్ళెందుకు?’ అని రాసింది. గీత పడిందా, ఆ కథ పని అయిపోయినట్టే. చిన్నోడు ఎంత బతిమాలినా వినేది కాదు. “ముక్కు చీదించే ప్రతి కథా నీకు గొప్పదేరా చిన్నోడా, నీ మాట నమ్మితే మునిగామే!” అనేది. గీత పడకుండా గట్టెక్కిన కథలే ఇద్దరూ చదివి పుస్తకంలో వేసేవారు. అందుకే ప్రతి సంపుటం మొదటి పేజీలోనూ ఒకే వాక్యం ఉంటుంది: ‘ఇందులోని ప్రతి కథనూ మేమిద్దరం చివరి వాక్యం దాకా చదివాం.’ ఆ వాక్యం అక్కే రాసింది.

ఈ ఏడు పదకొండు కథలు తేలాయి. ఇంకొక్కటి తేలాలి. ఒక మధ్యాహ్నం చిన్నోడు పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి, అక్క కిటికీ దగ్గర కుర్చీలో తల వాల్చి ఉంది. ఒళ్ళో పత్రిక, కుర్చీ కింద పెన్సిల్. కునుకు తీస్తోందనుకుని, చప్పుడు కాకుండా వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టాడు. రెండు కప్పుల్లో పోసి తెచ్చాడు, పిచ్చివాడు.

అది జరిగి నెల దాటింది. వచ్చిన చుట్టాలు వచ్చినట్టే వెళ్ళిపోయారు. ఇల్లు బావురుమంటోంది. పొద్దున లేస్తే ‘ఒరేయ్’ అనే దిక్కు లేదు. ఆ పత్రిక తెరిచే ధైర్యం ఇవాళ్టికి వచ్చింది.

ఏడో పేజీలో గీత ఉంది. పక్కన మాట లేదు.

ఎక్కడో వేరే గ్రహం మీద గడియారాలు బాగుచేసే ముసలాడి కథ అది. ఏడో పేజీలో కొట్టు తలుపు చప్పుడవుతుంది, ముసలాడు తలెత్తుతాడు. సరిగ్గా అక్కడ గీత. చిన్నోడు గీత దాటి చదివాడు, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఈ ఏడు ఇంతకంటే మంచి కథ రాలేదనిపించింది. వెంటనే అనుమానమూ వచ్చింది. కథ బాగుందా, అక్క చివరిసారి పట్టుకున్న కాగితం కాబట్టి బాగుందా?

అక్క నచ్చకే ఆపిందా? అయితే ఈ కథ వేస్తే, ఆమె పోయి రెండు నెలలు తిరక్కుండానే ఆమె మాట కాదన్నవాడవుతాడు. లేక నచ్చి చదువుతుండగానే చెయ్యి జారి గీత పడిందా? అయితే వేయకపోతే పాపం, ఎవరో రాసిన మంచి కథను అన్యాయంగా చెత్తలో పడేసినవాడవుతాడు. గీతను భూతద్దం పెట్టి చూశాడు. మామూలు గీతలాగే ఉంది.

ఇంతలో ప్రచురణకర్త ఫోను.

“సార్, రేపటికల్లా పన్నెండోది పంపకపోతే ప్రెస్సువాడు నా ప్రాణం తీస్తాడు.”

చిన్నోడు సంగతి చెప్పాడు.

“దానికింత ఆలోచనెందుకు సార్? ఆవిడ పూర్తిగా చదివిందో లేదో ఎవరికి తెలుస్తుంది? కథ వేసేయండి, ఆ వాక్యం అలాగే ఉండనివ్వండి.”

“నాకు తెలుస్తుంది కదయ్యా” అని ఫోను పెట్టేశాడు.

కాసేపు వరండాలోకీ గదిలోకీ కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, అక్క కుర్చీ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరైనా చూస్తే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ! గీత దగ్గర మొదలుపెట్టి గట్టిగా చదివాడు. తలుపు దగ్గర నిలబడింది నలభై ఏళ్ళ కిందట గడియారం బాగుచేయమని ఇచ్చి, అంతరిక్ష నౌక ఎక్కి వెళ్ళిన అమ్మాయి. ఆమె వయసు ఏడాదైనా పెరగలేదు. ‘ఆలస్యమైందా?’ అని అడుగుతుంది. అక్కడ చిన్నోడు ముక్కు చీది లేచాడు. మంచినీళ్ళు తాగొచ్చి మిగతా అయిదు పేజీలూ చదివాడు. పూర్తయ్యాక పత్రిక మూసి, అలవాటు చొప్పున ఆగాడు. ‘మళ్ళీ ముక్కు చీదావా?’ అనాలి అక్క. తిట్టినా బాగుండేది. వీధిలో సైకిలు బెల్లు ఒకటి మోగి ఊరుకుంది.

సాయంత్రానికి పన్నెండో కథ పంపేశాడు. మొదటి పేజీ వాక్యాన్ని ముట్టుకోలేదు. ఈ కథ అడుగున మాత్రం చిన్న అక్షరాల్లో ఇలా వేయమన్నాడు:

‘ఈ కథను అక్క ఏడో పేజీ దాకా చదివింది. తర్వాతది నేను చదివి వినిపించాను. తను ఏమీ అనలేదు.’