ఖాళీగా ఉండాల్సిన కొలను

గట్టు మీద ఇళ్ళు లేనన్నాళ్ళు అక్కడ పడ్డ వాన అక్కడి తుప్పల్లోనే ఇంకిపోయేది. వీధి చివర పల్లంలో ఉన్న పుస్తకాల బైండింగు దుకాణం దాకా చుక్క వచ్చేది కాదు. బైండరుగారి అల్లుడు ఆ గట్టు కొన్నాడు. తుప్పలు పీకించాడు. రోడ్డు వేశాడు. వరసగా ఇళ్ళు లేపాడు. మట్టి కనిపిస్తే పరువు పోతుందన్నట్టు మిగిలిన చోటంతా సిమెంటు పరిచాడు. మొదటి పెద్దవానకే నీళ్ళు దుకాణంలోకి ముందు తలుపున వచ్చి వెనక తలుపున పోయాయి. పోతూ పోతూ బడిపిల్లల పుస్తకాల కట్టలు నానబెట్టి మరీ పోయాయి.

బైండరు అల్లుడి గుమ్మం ఎక్కాడు.

"నీరు పల్లమెరుగు మావయ్యా," అన్నాడు అల్లుడు కుర్చీ చూపిస్తూ. "నా హద్దు దాటాక అది నాది కాదు."

"పిల్లనిచ్చాను, చాలదా? నీ వాననీళ్ళు కూడా నేనే మోయాలా?"

కుర్చీలో కూర్చోకుండానే బయటికొచ్చి, నేరుగా మునిసిపల్ ఆఫీసుకు పోయి ఫిర్యాదు చేశాడు. ఇంజనీరమ్మ వచ్చింది. గట్టు దిగువ అంచున పెద్ద గుంట తవ్వమంది.

"ఇళ్ళ కప్పుల మీదా రోడ్డు మీదా పడ్డ వానంతా ముందు ఇందులోకి రావాలి. ఆగి, మెల్లగా నేలలోకి ఇంకాలి. మళ్ళీ వాన వచ్చేలోగా గుంట ఖాళీ కావాలి. ఖాళీగా ఉండటమే దీని ఉద్యోగం. మళ్ళీ వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఒక్క ఇల్లూ అప్పగించకు."

అల్లుడు గుంట తవ్వించాడు. కానీ ఇళ్ళు చూడ్డానికి వచ్చినవాళ్ళు మొహం చిట్లించారు. ఇంటి ముందు ఈ గొయ్యేమిటండీ అన్నారు. అల్లుడి బుర్ర పాదరసం. గుంట అడుగునా పక్కలా నున్నగా సిమెంటు పూయించాడు. ట్యాంకర్లతో నీళ్ళు నింపించాడు. నాలుగు బాతుల్ని వదిలి, 'కొలను పక్కన కాపురం' అని బోర్డు కట్టాడు.

బైండరు మళ్ళీ గట్టెక్కాడు.

"అల్లుడూ, నిండిన బిందెలో ఇంకా నీళ్ళు పోస్తే ఎటు పోతాయి?"

"కిందకి."

"కింద ఎవరున్నారు?"

"మీరు," అన్నాడు అల్లుడు, పరీక్ష పాసైన మొహం పెట్టి.

పక్కనే ఉన్న కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఆ గొడవెందుకు నాన్నా? బాతులు ఎంత ముద్దుగా ఉన్నాయో చూడు."

"చూశాను. వాటికి ఈత వచ్చు. నా పుస్తకాలకు రాదు."

చెప్పినట్టే ఇంజనీరమ్మ మళ్ళీ వచ్చింది. అల్లుడు ఛాతీ విరుచుకుని ఎదురెళ్ళాడు.

"ఒక్క చుక్క లీకు లేదు మేడం. నీళ్ళ ట్యాంకులు కట్టే మేస్త్రీ చేత చేయించాను."

"ఇంకడానికి తవ్వించిన గుంటకు లీకు లేదంటున్నావా?"

"గ్యారంటీ మేడం!"

ఆమె కాసేపు బాతుల వంక చూసింది. వాటికే కాస్త బుద్ధి ఉన్నట్టు తోచింది. "మోటారు పెట్టి కొంచెం కొంచెంగా తోడించు. తర్వాత అడుగు పగలగొట్టు," అని చెప్పి వెళ్ళిపోయింది.

కొంచెం కొంచెంగా అన్న మాట అల్లుడి ఇంటావంటా లేదు. ఆమె జీపు మలుపు తిరగగానే గుంట గోడకున్న తూము తలుపు పూర్తిగా ఎత్తేశాడు.

కింద ఎండ నిప్పులు చెరుగుతోంది. మబ్బు తునక లేదు. బైండరు ఒక పుస్తకం వీపుకు జిగురు రాస్తున్నాడు. తనకు బాగా తెలిసిన చప్పుడు వినబడింది. తలెత్తేసరికి నీళ్ళు గడప దాటాయి. వాటి వెనక నాలుగు బాతులు, బేరానికొచ్చినట్టు వరసగా లోపలికొచ్చాయి. ఒకటి కట్టల మీదెక్కి రెక్కలు దులిపింది.

బైండరు లేచాడు. తడిసిన పుస్తకాలన్నీ తోపుడుబండికెత్తి గట్టు మీదకు తోసుకుపోయాడు. కొనేవాళ్ళకు చూపించడానికి అలంకరించిన ఇల్లొకటుంది అక్కడ. సోఫా మీదా, మంచం మీదా, వంటగట్టు మీదా పుస్తకాలు విప్పి పరిచాడు. ఫ్యాన్లన్నీ వేసి, గుమ్మంలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

ఇల్లు చూడ్డానికి ఒక జంట వచ్చింది.

"ఈ ఇంట్లో చెమ్మ ఎక్కువా అండీ?" అంది భార్య.

"ఇక్కడ చెమ్మే ఉండదమ్మా. ఉన్నదంతా కిందకు పంపేస్తారు. ఇవి కిందనుంచి వచ్చిన పుస్తకాలు."

వాళ్ళు లోపలికి రాకుండానే చెప్పులేసుకున్నారు. అల్లుడు పరుగెత్తుకొచ్చాడు.

"మావయ్యా, నా కొంప ముంచుతున్నారు!"

"ముంచడం నీ పని. నేను ఆరబెడుతున్నాను. ఆ అడుగు పగిలేదాకా ఇక్కడే ఆరబెడతాను."

ఆ సాయంత్రమే గునపాలు దిగాయి. నున్నటి అడుగు ముక్కలవుతుంటే మేస్త్రీ పక్కకు తిరిగి కళ్ళొత్తుకున్నాడు.

తర్వాత పెద్దవాన పట్టింది. బైండరు చీపురు పట్టుకుని గడపలోనే నిలబడ్డాడు. వీధిలో పడ్డ వాన వీధి కాలవలోనే పోయింది. పైనుంచి ఏమీ రాలేదు. గుంట అంచుదాకా నిండి ఆగిందట. మరి కాస్త ఎండ కాసేసరికి అడుగు కూడా కనిపించిందట. ఆ కబురు కూతురే మోసుకొచ్చింది.

"ఆయన సంతోషం చూడాలి నాన్నా! అందరికీ గుంటే చూపిస్తున్నారు."

"నిండినప్పుడు అందరూ చూపిస్తారు. వచ్చే ఏడాదికి కూడా ఖాళీగా ఉంచితే అప్పుడు మెచ్చుకుంటాను."

మర్నాడు అల్లుడే వచ్చాడు. దుకాణం వెనక పెరట్లోకి తొంగిచూశాడు. అక్కడ నాలుగు బాతులూ దర్జాగా ఎండ కాచుకుంటున్నాయి.

"మావయ్యా, ఆ బాతులు..."

బైండరు సూదిలో దారం ఎక్కించాడు. తలెత్తలేదు.

"నీ హద్దు దాటాయి," అన్నాడు.