జూనిపర్ ఎందుకు కదిలింది

లండన్ వైట్‌హాల్‌లో, రాతి గూట్లో గుర్రమెక్కి కాపలా కాసేవాళ్ళు మిన్ను విరిగి మీద పడ్డా నోరు విప్పకూడదు. గుర్రం కదలకూడదు. వాళ్ళలో ఒకతె అయిన నెరిస్ నోరు మూసుకునే ఉంటోంది. ఎటొచ్చీ ఆమె గుర్రం జూనిపరే, కాపలా మారే వేళ కాకముందే గూట్లోంచి దర్జాగా బయటికి నడిచేస్తోంది. ఈ వారంలో అప్పుడే రెండుసార్లయింది.

"ఇవాళ గనక మళ్ళీ కదిలిందా, అమ్మకానికి పంపించేస్తా," అన్నాడు కార్పొరల్ ట్రెంబత్, పొద్దున ఆమె కవచం మీద మరకలు వెతుకుతూ.

"ఏదో కారణం ఉండే ఉంటుంది సార్."

"కారణం లేదు, కాకరకాయా లేదు. పొగరు!"

నెరిస్‌కి నమ్మబుద్ధి కాలేదు. ఈ నల్ల గుర్రాన్ని ఏడాదిగా తనే మేపింది, తనే తోమింది. అమ్మేస్తారన్న మాటే మింగుడు పడలేదు. దానికి తోడు, అసలెందుకు కదులుతోందో తెలుసుకోవాలన్న తహతహ ఒకటి. బస్సులకి బెదురుతోందా? అంబులెన్సు పక్కనుంచే పోయినా చెవి ఆడించదే! జనం చిరాకా? ఫొటో అంటే చాలు, తనే ముఖం చాపుతుంది. అందుకని ఇవాళ వీధి వంక చూడటం మానేసి, దాని చెవుల్నే కనిపెట్టుకుని కూర్చుంది. వెనక కమాను కింద ట్రెంబత్ కాచుకుని ఉన్నాడు.

మధ్యాహ్నం జనం మూగారు. జూనిపర్ ఎడమ చెవి టక్కున తిరిగింది. నెరిస్ తల కదపకుండా కళ్ళు మాత్రం అటు తిప్పింది. పసుపు గొడుగు పట్టుకున్న గైడు ఒకడు పిల్లల్ని నవ్విస్తున్నాడు. ఛాతీ విరిచి, గడ్డం పైకెత్తి, గొంతు బొంగురు చేసి... అచ్చం ట్రెంబతే! కాపలా మార్చేటప్పుడు అతనిచ్చే ఆర్డరు వాడి నాలుక చివర ఉంది.

"ఒరేయ్ గొడుగూ! నోరు ముయ్!" అని అరిచేసింది నెరిస్.

వీధిలో జనమంతా ఇటు తిరిగారు. ట్రెంబత్ దూసుకొచ్చాడు.

"పిచ్చి పట్టిందా? కాపలాలో కేకలేంటి?"

"వీడు మీ గొంతు అనుకరిస్తున్నాడు సార్. అది విని జూనిపర్ నడుస్తోంది."

"నా గొంతా?" ట్రెంబత్ కోపం మధ్యలోనే ఆగింది. "ఏదీ, కానియ్యవయ్యా. నేనూ వింటా."

గైడు గొడుగు మూసి, ఛాతీ విరిచాడు. "ముందుకు... నడూ!"

జూనిపర్ ఠీవిగా బయటికొచ్చి నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ట్రెంబత్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేను ఇంత దరిద్రంగా అరుస్తానా?"

"కాపలాలో మాట్లాడకూడదు కదా సార్," అంది నెరిస్.

అతను గుర్రం మెడ తట్టాడు. "పాపం, ఆర్డరిస్తే నడిచింది. దీన్ని ఎక్కడికీ పంపను. మాట విననిది నువ్వే. దిగు. రేపట్నుంచి గేటు దగ్గర నీకు నేల మీద నిలబడే కాపలా. దీన్ని ఇంకొకళ్ళు ఎక్కుతారు."

ఇంకొకళ్ళు అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా జూనిపర్ దక్కింది, అంతే చాలు. నెరిస్ దిగి, కళ్ళెం అతని చేతికిచ్చి లోపలికి నడిచింది. ఉండబట్టలేక వెనక్కి చూసింది. జూనిపర్ ఆమె వెంట ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. ఆర్డరు రాలేదు మరి.