కుడి నుంచి పాకిన ఎరుపు

మాస్టారు మొండిఘటం. బతికినన్నాళ్లూ శరీర నిర్మాణం పాఠం చెప్పి, చివరికి తన శరీరాన్నీ ఆ కాలేజీకే రాసిచ్చి పోయారు. పైగా ఓ షరతు: నా గుండెను నా శిష్యురాలే కొయ్యాలి. ఆ శిష్యురాలే ఇప్పుడక్కడ టీచరు. కాదందామంటే మాస్టారు లేరాయె. కత్తి పట్టుకుంది.

వరండాలో మాస్టారి కూతురు కూర్చుని ఉంది. పొద్దున్నే వచ్చి అడిగింది.

"నాన్న పోయిన రోజు దవడ పట్టుకుని, పన్ను సలుపుతోందన్నారక్కా. మాత్ర ఇచ్చి ఆఫీసుకి పరిగెత్తాను. ఆస్పత్రికి తీసుకెళ్లుంటే బతికేవారా? ఉన్నదున్నట్టు చెప్పు."

ఆ ప్రశ్న పిల్లను పీక్కుతింటోంది.

ఒళ్లంతటికీ నెత్తురు పంపే గుండె, తన వంతు మాత్రం మహాధమని మొదట్లో పుట్టే రెండు ధమనుల నుంచే పుచ్చుకోవాలి. టీచరు ఎడమదాన్ని కోసి చూసింది. ముందువైపు దిగే కొమ్మ గట్టిపడి పూర్తిగా పూడుకుపోయింది. 'ఏం చేసినా దక్కేవారు కాదమ్మా' అనేస్తే పోలా అనిపించింది. కానీ పూర్తిగా చూడకుండా మాట్లాడితే మాస్టారు ఊరుకునేవారా? ఎప్పటిలాగే కుడి ధమనిలోకి ఎర్ర రంగు ఎక్కించింది.

రంగు కుడివైపే ఆగాలి. ఆగలేదు. సన్నటి దారుల వెంట పాకి, పూడిక దాటాక ఎడమ కొమ్మలో తేలింది. గుండె తన తిప్పలు తాను పడి ఇంత దొడ్డిదారి వేసుకోవాలంటే ఏళ్లు పడుతుంది.

చేతులు కడుక్కుని వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

"తీసుకెళ్లుంటే బతికేవారేమో, కాదనను. కానీ ఇది ఏళ్లనాటి జబ్బు. గుండెనొప్పి దవడకి పాకుతుందని మాకు నేర్పింది మీ నాన్నే. అది పంటినొప్పి కాదని ఆయనకి తెలుసమ్మా."

"తెలిసీ నాకు చెప్పలేదా?"

ఆ అమ్మాయి చెయ్యి మెల్లగా తన ఎడమ దవడ మీదికి పోయింది.

"ఈ వైపే అన్నారక్కా. ఈ వైపు పళ్లన్నీ కిందటేడు నేనే దగ్గరుండి పీకించాను." "ఆఫీసు హడావిడిలో నాకు తట్టలేదు. తట్టదని ఆయనకి తెలుసు."