వంతుల ఇల్లు

సోమవారం ఉదయం ఏడున్నరకు పాలవ్యాను వెళ్లిపోగానే ఆరాధన నీళ్ల బిందె మీద మూతపెట్టి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చునేది. తమ్ముడు ప్రకాష్ గడప మీద కూర్చుని కాళ్లు బయటికి వేలాడేసేవాడు. అప్పుడు ఇల్లు కదిలేది.

ఒకటే గది. పైన సిమెంటు రేకులు, గోడలకు నీలం సున్నం. నల్లగుంటపాలెంలో ఆ ఇల్లు వారానికొక పెరట్లో ఉండేది. ఎవరి వంతు వస్తే వాళ్లింటి పక్కకు వెళ్లి నిలబడేది. నడక గేదె నడకే, తొందర ఉండదు. రోడ్డు దాటేచోట సత్తెనపల్లి బస్సు వస్తుంటే ఆగేది. ఒక్కోసారి బస్సే ఆగేది. ఈ వారం ఎవరింట్లోరా కూర అని డ్రైవరు ప్రకాష్‌ని అడిగేవాడు. లైన్‌మన్ సిలార్ ప్రతి సోమవారం నిచ్చెన తెచ్చి, దగ్గర్లో ఉన్న స్తంభానికి తీగ తగిలించి వెళ్లేవాడు. ఏ స్తంభం ఎంత దూరమవుతుందో తెలియదు కాబట్టి మీటరు దగ్గర ముప్పై మీటర్ల తీగ చుట్టచుట్టి ఉంచాడు.

వంతులు పెట్టింది నిరీక్షణ మహిళా సంఘం. రెండేళ్ల కిందట మిరప కోతలప్పుడు పిల్లల అమ్మానాన్నలు దేవకుమారి, తోమా ఆటో ప్రమాదంలో పోయారు. నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక సంఘం ఆడవాళ్లు చర్చి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నారు. వారానికి ఒకరు. తిండి, జ్వరం, బడి, తలలో పేలు, అన్నీ ఆ వారం ఆ ఇంటివే. పిల్లలు వచ్చి తమ ఇళ్లలోనే పడుకోవాలన్నారు. పదేళ్ల ఆరాధన మాత్రం అమ్మ ఉన్న ఇల్లు వదిలి రానంది. ఎవరూ బలవంతం చేయలేదు. తర్వాతి సోమవారం ఇల్లే బయల్దేరి వచ్చింది.

సంఘంలో పదిమంది ఉన్నారు. వంతుల కాగితంలో తొమ్మిది పేర్లే ఉన్నాయి. పదో మనిషి సామ్రాజ్యం. కోతలకు కూలీలను పోగుచేసి తీసుకెళ్లే ముఠా మేస్త్రి ఆమే. నా పేరు రాయొద్దని ఆ రోజే చెప్పి లేచి వెళ్లిపోయింది. కానీ ఏడాదికి రెండు బస్తాల బియ్యం, జాడీ నిండా పండుమిరప పచ్చడి సంఘంలోని శిల్ప చేతికిచ్చి పంపేది. పిల్లలు ఎదురైతే పక్క సందులోకి తిరిగేది. ఆటో ఎక్కడం మానేసి, ఎంత దూరపు చేనుకైనా నడిచే వెళ్లేది.

మొన్న ఫిబ్రవరిలో పిల్లల సంక్షేమ అధికారి వెంకటనారాయణ విచారణకు వచ్చాడు. ప్రోగ్రెస్ కార్డులు చూశాడు. ప్రకాష్ గోళ్లు చూశాడు. ఎక్కడా వంక దొరకలేదు. ఇల్లు నడుస్తుందని చెబితే రాసుకున్నాడు.

"నడిస్తే నడవనివ్వండి. కానీ నా ఫారంలో పోషకురాలి పేరుకు ఒకటే గడి, చిరునామాకు ఒకటే గడి ఉన్నాయమ్మా. తొమ్మిది ఇళ్లని రాస్తే పైవాళ్లు ఏ ఇల్లూ లేదనుకుంటారు."

సంఘం లీడరు ఉదయశ్రీ తన పేరు రాసుకోమంది. ఆ వారం ఇల్లు ఆమె పెరట్లోనే ఉంది. వచ్చే బుధవారం మళ్లీ వస్తానని, అప్పటికి ఇల్లు ఈ పెరట్లో లేకపోతే పాపను ఒక ఊరి హాస్టలుకు, బాబును ఇంకో ఊరి హాస్టలుకు పంపక తప్పదని అధికారి చెప్పాడు. ఇద్దరినీ ఒకేచోట పెట్టడానికి కుదరదా అని అడిగితే, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరని అన్నాడు. ఆ మాట అనడం అతనికీ ఇష్టం లేదు.

శనివారం ఆడవాళ్లంతా కలిసి ఇంటిని ట్రాక్టరు తాడుతో కొయ్యకు కట్టేశారు. "మా త్రినాథ్ బావను ఇంత గట్టిగా కట్టుకుంటే చిలకలూరిపేట మిల్లుకు పోయేవాడా అక్కా," అని శిల్ప అంది. ఉదయశ్రీ నవ్వుతూనే ఇంకో ముడి వేసింది.

ఆదివారం సాయంత్రం ఆరాధన బట్టలను రెండు సంచుల్లో విడివిడిగా సర్దింది. ఆమె పంపు దగ్గరికి వెళ్లినప్పుడు ప్రకాష్ తన చొక్కాలన్నీ తీసి అక్క సంచిలో కుక్కాడు.

సోమవారం పాలవ్యాను వెళ్లింది. ఇల్లు కొయ్యతో సహా బయల్దేరింది.

తర్వాతి వంతు శిల్పది. శిల్ప అప్పటికే పెరడు ఊడ్చి ఉంచింది. ఇల్లు ఆ పెరడు దాటి ముందుకు పోయింది. కోతలకు బయల్దేరిన ఆడవాళ్లు చద్ది గిన్నెలు పట్టుకుని వెనకే నడిచారు. చర్చి దాటింది, బడి దాటింది. ఊరి చివర సామ్రాజ్యం వాకిటి ముందుకు వెళ్లి ఆగింది.

వాకిలి నిండా పట్టల మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గోడ నుంచి గోడ దాకా ఎరుపే. ఇల్లు ఒక్క కాయ కూడా తొక్కకుండా అంచున నిలబడింది. సామ్రాజ్యం చీపురు పట్టుకుని అవతలి అంచున ఉంది.

"ఇక్కడికెందుకు తోలుకొచ్చారే?"

"మేం తోల్లేదత్తా," అంది ఉదయశ్రీ. "అదే వచ్చింది."

"చోటు లేదు."

ఇల్లు కదల్లేదు. ఎండ ఎక్కుతోంది. సామ్రాజ్యం పిల్లల వైపు చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు తెల్లారుజామున ఆటో అప్పటికే నిండిపోయింది. తోమా, దేవకుమారి దిగిపోతామన్నారు. తనే దిగొద్దని, అందరినీ సర్దుకోమని, వెనక చెక్క మీద వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టింది. లారీ వెనక నుంచే గుద్దింది.

"దిగిపోతామన్న వాళ్లను దిగనివ్వలేదు. నా వాకిట్లో ఏ ముఖంతో పెట్టుకోను వీళ్లని?"

ఆరాధన బిందె వదలకుండానే గుమ్మంలోంచి మాట్లాడింది.

"ఆటోలో ఉన్నవాళ్లు అంతా చెప్పారు మామ్మా. అమ్మకు ఆ రోజు కూలి కావాలి. దిగిపొమ్మన్న వాళ్లు ముగ్గురట. చోటిచ్చింది నువ్వొక్కదానివేనట."

శిల్ప తల వంచుకుంది. ఆ ముగ్గురిలో ఆమె ఒకతి.

సామ్రాజ్యం వంగి, చీపురుతో కాయలను పక్కకు నెట్టడం మొదలుపెట్టింది. ఘాటుకు దగ్గు వచ్చింది, కళ్ల నుంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

"నిలబడి చూస్తారేంటే? సర్దండి."

తొమ్మిదిమందీ గిన్నెలు గోడ మీద పెట్టి పట్టలు లాగారు. కాయలు రెండు రాశులయ్యాయి, మధ్యలో నేల కనబడింది. ఇల్లు కాస్త పక్కకు తిరిగి లోపలికి వచ్చి, పంపుకూ గోడకూ మధ్య కూర్చుంది. కూర్చుంటున్నప్పుడు గేదె మోకాళ్లు వంచినట్టు చిన్న చప్పుడైంది. అంతకుముందు ఎక్కడా ఆ ఇల్లు కూర్చోలేదు, నిలబడేది.

బుధవారం అధికారి వచ్చాడు. ఉదయశ్రీ పేరు కొట్టేసి సామ్రాజ్యం పేరు రాసుకున్నాడు. చిరునామా గడి దగ్గర కలం ఆపి, ఇల్లు ఇక్కడే ఉంటుందా అని అడిగాడు.

"ఇంటి సంగతి నాకు తెలీదయ్యా. నేనైతే ఉంటాను."

అతను వాకిట్లోని దండెం చూశాడు. ఒకే దండెం మీద అక్కవీ తమ్ముడివీ బట్టలు ఆరుతున్నాయి. చిరునామా నింపి, సంతకం పెట్టాడు.

తర్వాతి సోమవారం ఏడున్నరకు పాలవ్యాను వెళ్లింది. ఆరాధన బిందె పట్టుకుని కూర్చుంది. పోయిన వారం తప్పిపోయిన శిల్ప వంతును కాగితంలో ఈ వారానికి జరిపారు. ఆమె కూర గిన్నె పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. ఎనిమిదయింది. సిలార్ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి, ఇంటి వైపు, స్తంభం వైపు చూశాడు. స్తంభం ఆరు మీటర్ల దూరంలో ఉంది.

"మిగతా తీగ ఉంచమంటావా, కోసెయ్యనా?"

"కోసెయ్," అంది సామ్రాజ్యం.

ఆమె గుమ్మంలోకి వచ్చి, ఆరాధన చేతుల్లోంచి బిందె తీసుకుని కింద పెట్టింది.

"బడికి టైమైంది. లే."