బూడిదరంగు మిషన్

పరాయి దేశంలో పనికొచ్చినవాళ్లుండే హాయిల్ క్యాంపులో, మూడో నంబరు గదిలో, కిటికీ పక్క కింది మంచం ఖాళీ అయింది. దానిమీద పడుకునే మనిషి కొలువు ముగించుకుని, ఎగ్జిట్ మీద ఇంటికి పోయాడు. ఇంకేం, పై మంచాల మీది ముగ్గురి కళ్లూ దానిమీదే పడ్డాయి: భూమేష్, అల్తాఫ్, మోటార్లు బాగుచేసే ఎల్లన్న.

"పెద్దమనిషి గదా, ఎల్లన్న కాకకిద్దాం" అని అల్తాఫ్ నసిగాడు. "రూంల అందరు సమానమే" అని భూమేష్ తెగేసి చెప్పాడు. ఫోనుకు సిగ్నల్ దొరికేది ఆ కిటికీ దగ్గరే మరి.

చివరికి శుక్రవారం భోజనాలయ్యాక ఫోనులో వీడియో పోకర్, అంటే మిషన్ ముక్కలు పంచే పేకాట, ఆడి తేల్చుకుందామనుకున్నారు. పైసలతో ఆడితే ఈ దేశంలో పట్టుకుపోతారు కాబట్టి ఉత్తుత్తి నాణేలే. తలా వెయ్యి నాణేలు, వంద ఆటలు, ఆటకు ఐదు నాణేలు. ఐదు ముక్కలు పడతాయి, పనికొచ్చేవి ఉంచుకుని మిగతావి మార్చుకోవాలి. ఆఖరున ఎవరి దగ్గర ఎక్కువుంటే మంచం వాళ్లది.

ఆ ఆటలో ఎంచుకోవడానికి తెరమీద ఆరు రంగుల మిషన్లున్నాయి. తళతళలాడే బంగారు రంగుది భూమేష్ ఎగబడి పట్టుకున్నాడు. ఎల్లన్న మాత్రం అద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క మిషన్ తెరిచి, ఏ ముక్కలకు ఎంత ఇస్తుందో రాసిన పట్టిక చదువుతూ కూచున్నాడు. మోటారు మీద వివరాలు రాసిన ప్లేటు చదవనిదే స్క్రూడ్రైవర్ పట్టని మనిషి ఆయన. పావుగంట గడిచింది.

"ఏంది కాకా, పెండ్లిచూపులా?" అన్నాడు భూమేష్.

"గీ బూడిదరంగుది ఫుల్‌హౌస్‌కు, అంటే మూడు ఒక్కతీరు, రెండు ఒక్కతీరు పడితే, తొమ్మిదింతలిస్తది. నీది ఆరింతలే. ఆట ఒక్కటే, ఇచ్చుడు వేరు. నువ్వు గూడ గిదే తీస్కో."

"ముక్కలు పడాలె గని, పట్టిక ఏం జేస్తది?"

"పడ్డంక చేస్తది" అన్నాడు ఎల్లన్న.

ఆట మొదలైంది. ముక్కలు భూమేష్‌నే వరించాయి. ఎల్లన్నకు రెండు ఫుల్‌హౌస్‌లు పడితే వాడికి మూడు పడ్డాయి. ఇంకేముంది, మంచం నాదే అని తొడ చరిచినంత పని చేశాడు.

తీరా చూస్తే అల్తాఫ్ దగ్గర ఏడువందలు, భూమేష్ దగ్గర ఎనిమిదివందల డెబ్బై, ఎల్లన్న దగ్గర ఎనిమిదివందల తొంభై. భూమేష్ నోరు తెరిచాడు. వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. అవే మూడు ఫుల్‌హౌస్‌లు బూడిదరంగు మిషన్లో పడుంటే ఇంకో నలభై ఐదు నాణేలొచ్చేవి, మంచం తనదయ్యేది. ఎల్లన్న ఆ మాట ముందే చెప్పాడు కూడా. కోపం రావలసిన చోట వాడికి గౌరవం పుట్టుకొచ్చింది. ఇంత బుర్ర పెట్టుకుని ఇన్నాళ్లూ ఈ మనిషి తనతో పాటు గదిలో వంటకు బియ్యం ఏరుతూ కూచున్నాడా అనిపించింది.

"నీ పరుపు నేను దించుత కాకా" అని నిచ్చెన ఎక్కాడు.

పరుపు ఎత్తితే, కింద ఖాళీ ట్యూబులు. మోకాళ్ల నొప్పి మందువి, ఇరవైకి పైనే ఉన్నాయి. రెండేళ్లుగా రోజూ ఈ నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఆ మనిషి కిక్కురుమనలేదు. భూమేష్‌కు సిగ్గేసింది.

"గింత నొస్తుందని చెప్పొద్దా కాకా? అడిగితే ఇయ్యకపోదుమా?"

ఎల్లన్న కింది మంచం మీద కూచుని, కాళ్లు మెల్లగా బారజాపాడు.

"ఇద్దురు, జాలిపడి ఇద్దురు. గిది నేను సదివి గెల్సుకున్న."